చేతి పని ఆయనది, కొలత మీది

బీరువాలో ఒక పాత స్టీలు వాచీ ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. గల్ఫ్ నుంచి చిన్నాయిన తెచ్చిందో, సింగరేణిలో రిటైరైన తాత ఎవరి దగ్గరో కొన్నదో అయి ఉంటుంది. చేతికి బరువుగా తగులుతుంది. అద్దం చుట్టూ అంకెలున్న రింగు తిరుగుతుంది. డయల్ మీద 200 మీటర్లు అని ఉంటుంది. క్యాంపస్ ఇంటర్వ్యూకు పెట్టుకుపోదామని తీస్తే అది నడవదు, లేదా రోజుకు పావుగంట ముందుకు పోతుంది. ఇప్పుడు దీన్ని ఎవరి చేతికివ్వాలి? మీరు జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు వాళ్లయితే ఈ ప్రశ్న ఇంకాస్త కష్టం.

ఉద్యోగాల పేజీలో వాచీ రిపేరు ముచ్చట ఎందుకంటారా? తెలియక విప్పిస్తే ఇంట్లో ఉన్న విలువైన వస్తువు పాడవుతుంది, అది మొదటి కారణం. రెండోది, ఈ రిపేరు మన ఊళ్లలో ఎక్కడ ఆగిపోతోందో చూస్తే, చదువుకున్న పిల్లలకు అక్కడొక పని కనిపిస్తుంది.

మీ చేతిలో ఉన్నదేంటి?

నీళ్లలోకి దిగేవాళ్ల కోసం చేసిన వాచీలను డైవ్ వాచీలంటారు. బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్, రోలెక్స్ సబ్‌మెరైనర్ రెండూ 1953 నాటివి. ఒమేగా సీమాస్టర్ 300 మోడల్ 1957లో వచ్చింది. జపాన్‌కు చెందిన సీకో తన మొదటి డైవ్ వాచీని 1965లో తెచ్చింది. వీటిలో కొన్ని పాత మోడళ్లు ఇప్పుడు కొత్తవాటి కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. అలాగని పేరు చూసి సంబరపడొద్దు, వీటికున్నన్ని నకిలీలు తక్కువ వాచీలకు ఉంటాయి. వెనక మూత తీసి లోపలి యంత్రాన్ని చూసేదాకా ఏదీ ఖాయం చేసుకోకండి.

ఇంకో మాట. 1960ల నాటికి ముందు చేసిన చాలా వాచీల్లో చీకట్లో మెరిసే పూతకు రేడియం వాడేవారు. అది రేడియోధార్మిక పదార్థం. అంత పాత వాచీని ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పడం, ఆ పూతను గీకడం అస్సలు చేయొద్దు. తర్వాత ట్రిటియం వచ్చింది, 1990ల చివరి నుంచి రేడియోధార్మికత లేని పూతలు వచ్చాయి.

200 మీటర్లు.. ఎప్పటిదాకా?

పది మీటర్ల లోతుకు సుమారు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. అంటే 200 మీటర్లకు 20 బార్లు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది దాదాపు తొమ్మిది రెట్లు. ఇంత ఒత్తిడిని ఆపేది స్టీలు ఒక్కటే కాదు. వెనక మూత కింద, అద్దం చుట్టూ, కీ ఇచ్చే గుండీ లోపల సన్నటి గాస్కెట్లు ఉంటాయి, వాటిలో ఎక్కువ రబ్బరువే. రబ్బరు ఏళ్లు గడిస్తే గట్టిపడుతుంది, పగులుతుంది. డయల్ మీద 200 అన్న అంకె చెదరదు గానీ, ఆ మాట నిలబెట్టే రింగు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ముప్పై ఏళ్ల వాచీని నమ్మి బావిలో దూకితే అంతే సంగతి.

లోపలి నూనెల కథా ఇదే. చక్రాల ఇరుసుల దగ్గర చుక్కలో పదో వంతు కూడా ఉండని నూనె ఉంటుంది. అది ఎండితే రాపిడి పెరిగి, ఇరుసులు అరుగుతాయి. అందుకే కంపెనీలు మోడల్‌నూ వాడకాన్నీ బట్టి సుమారు 5 నుంచి 10 ఏళ్లకోసారి పూర్తి సర్వీస్ చేయించమంటాయి. పూర్తి సర్వీస్ అంటే ఏ పార్టుకా పార్టు విప్పి, కడిగి, అరిగినవి మార్చి, కొత్త నూనెలు వేసి, మళ్లీ కూర్చి, టైమ్ సరిచేయడం. మూత తీసి ఒక చుక్క నూనె వేయడాన్ని సర్వీస్ అనరు.

అన్ని జబ్బులకూ అంత పెద్ద వైద్యం అక్కర్లేదు. వాచీ ఉన్నట్టుండి బాగా ముందుకు పోతుంటే, స్పీకర్ దగ్గరో ఫోన్ కవర్ మ్యాగ్నెట్ దగ్గరో పెట్టారేమో గుర్తు చేసుకోండి. లోపలి హెయిర్‌స్ప్రింగ్‌కు అయస్కాంతం పడితే చుట్లు దగ్గరకొచ్చి వేగం పెరుగుతుంది. డీమ్యాగ్నెటైజర్‌తో అది నిమిషం పని. నీళ్లు పోతే మాత్రం ఆగొద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం, ఎండలో ఆరబెట్టడం లాంటి చిట్కాలు వదిలేసి అదే రోజు విప్పించండి. తుప్పు మీ సెలవు రోజు కోసం ఆగదు.

రెండు దారులు, రెండింటికీ ఖరీదుంది

మొదటి దారి కంపెనీ సర్వీస్ సెంటర్. మన మూడు జిల్లాల వాళ్లు హైదరాబాద్ పోవాల్సిందే. అక్కడి నుంచి కొన్ని వాచీలు ముంబైకో విదేశానికో వెళ్తాయి. అసలు పార్టులు, ఒత్తిడి పరీక్ష, వారంటీ, అన్నీ ఉంటాయి. ఖర్చు ఒక ఫ్రెషర్ నెల జీతాన్ని మించిపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు ముందే చెప్పకపోతే పాత డయల్, ముళ్లు తీసేసి కొత్తవి వేయొచ్చు, కేసును పాలిష్ పట్టి మెరిపించొచ్చు. పెట్టుకునేవాళ్లకు అది ముచ్చటే. కానీ పాత వాచీలు సేకరించేవాళ్లు వెతికేది ఆ రంగు మారిన డయల్‌నే, పాలిష్ తగలని అంచులనే. కొత్తగా మెరిసే వాచీకి వాళ్లిచ్చే ధర పడిపోతుంది.

రెండో దారి మన ఊరి వాచీ మెకానిక్. బస్టాండ్ దగ్గరో బజారులోనో గాజు పెట్టె ముందు కంటికి లెన్సు పెట్టుకుని కూర్చునే కాకా. హెచ్ఎంటీ వాచీలు, మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ సీకో సాంకేతికతతో చేసిన వాచీలు విప్పి కూర్చి ఆరితేరిన చేతులవి. బెంగళూరులో 1961లో మొదలైన హెచ్ఎంటీ వాచీల కథను కేంద్రం 2016లో ముగించింది. ఆల్విన్ వాచీలు అంతకు చాలా ముందే పోయాయి. ఆ చేతులకు పని తగ్గింది, నేర్చుకునేవాళ్లూ తగ్గారు. ఆయన దగ్గర లేనిది నైపుణ్యం కాదు. ఒత్తిడి పరీక్ష యంత్రం లేదు, ఖరీదైన బ్రాండ్ల అసలు పార్టులు అందవు, చేసిన పనికి కాగితం ఉండదు.

చాలా స్విస్ బ్రాండ్లు తమ అధీకృత కేంద్రాలకు తప్ప బయటివాళ్లకు పార్టులు అమ్మవు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను ముందు రంగాలుగా తీసుకుంది. ఆ జాబితాలో చేతి వాచీ కూడా చేరాలని నా వాదన. పార్టు దొరకని మెకానిక్‌ను చేతకానివాడని అనడం అన్యాయం.

ఎవరికిచ్చినా ఇవి అడగండి

ఇచ్చే ముందు డయల్, వెనక మూత, సీరియల్ నంబర్ ఫొటోలు తీసుకోండి. తర్వాత నాలుగు సంగతులు రాయించుకోండి. ఏం చేస్తారు? ఏది ముట్టుకోరు? తీసిన పాత పార్టులు తిరిగిస్తారా? పని అయ్యాక పరీక్షించి అంకెలు చూపిస్తారా? డయల్ మార్చొద్దు, పాలిష్ వద్దు అనుకుంటే రసీదు మీదే రాయించండి. కంపెనీ సెంటర్ రాసిస్తుంది. ఊళ్లో మెకానిక్ అయితే మీరే ఒక తెల్ల కాగితం మీద రాసి, ‘కాకా, ఒక్క సంతకం పెట్టవా’ అనండి. నొచ్చుకోరు, రేపు మాట తేడా వస్తే ఆయనకూ అదే రక్ష. డబ్బు తీసుకుని పని సరిగా చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, కానీ రసీదు లేకుండా గట్టిగా అడగలేరు.

పరీక్ష అంటే ఏంటో కూడా తెలిసుండాలి. డైవ్ వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం, రాసిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిని వాచీ తట్టుకోవాలి. పాత వాచీకి అంత పెట్టడం మంచిదో కాదో మెకానిక్ చెప్పాలి. కనీసం రోజువారీ వాడకానికి సరిపడా ఒత్తిడి దగ్గరైనా పరీక్షించి, ఎంత దగ్గర ఆగిందో చెప్పమనండి. ఆ అంకె లేకపోతే వాచీ చేతికి పెట్టుకోండి గానీ నీళ్లకు దూరంగా ఉంచండి.

ఇక మీ సంగతి

చాలా మెకానికల్ వాచీలు సెకనుకు 6 లేదా 8 సార్లు టిక్ అంటాయి. టైమ్‌గ్రాఫర్ అనే చిన్న పరికరం ఆ చప్పుడును మైక్‌తో విని, రోజుకు ఎన్ని సెకన్లు తేడా వస్తుందో, లోపలి బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చూపిస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. అందులో 10 సెకన్ల తేడా అంటే 0.012 శాతం. మైక్, ఫిల్టర్, సిగ్నల్‌లో శిఖరాలు పట్టే కోడ్.. ఈసీఈ, సీఎస్ఈ పిల్లలకు ఇది నాలుగు వారాల మినీ ప్రాజెక్టు. ఒత్తిడి గది, సెన్సర్ అయితే మెకానికల్ వాళ్లకు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. కాకా దగ్గర చేయి ఉంది, కొలత లేదు. మీ దగ్గర కొలత ఉంది, చేయి లేదు. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి ఎక్కడ ఆపాలో ఏ పుస్తకం చూసి నేర్చుకోలేదు, పక్కన కూర్చునే నేర్చుకున్నారు. వాచీ పనీ అంతే. సెలవుల్లో నెల రోజులు ఒక మెకానిక్ పక్కన కూర్చోండి. పాడైన హెచ్ఎంటీ యంత్రం ఒకటి అడిగి తీసుకుని, విప్పి కూర్చండి. ప్రతి స్క్రూకు ఫొటో, ప్రతి అడుగుకు నోట్సు. ఆయన పనికి మీరు అంకెలు, రసీదు, రికార్డు జోడించండి.

దీనివల్ల మన జిల్లాల్లో వందల ఉద్యోగాలు వస్తాయని నేను చెప్పను, రావు. అయితే భారత్, స్విట్జర్లాండ్ సహా నాలుగు దేశాల ఎఫ్టా కూటమి మధ్య 2024 మార్చిలో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీలపై సుంకం దశలవారీగా తగ్గుతుంది. వచ్చే వాచీలు పెరిగితే, కొన్నేళ్లకు విప్పాల్సిన వాచీలూ పెరుగుతాయి. హోసూర్‌లో వాచీలు చేసే టైటాన్ ఉంది, నగరాల్లో బ్రాండ్ల సర్వీస్ సెంటర్లున్నాయి. స్విట్జర్లాండ్‌లోని వోస్టెప్ 1966 నుంచి ఈ పనే నేర్పుతోంది. ఐటీఐ ఫిట్టర్‌కైనా, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా వాళ్లకైనా ఈ తలుపు మూసి లేదు.

వాచీల వైపు పోకపోయినా నష్టం లేదు. ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన ఒక పని చెప్పండి’ అన్నప్పుడు, అందరూ డౌన్‌లోడ్ చేసిన ప్రాజెక్టు టైటిల్ చెబుతారు. మీరు మాత్రం, ఆగిపోయిన యంత్రంలో లోపం ఎలా వెతికారో, ఏది మార్చారో, ఏది కావాలనే ముట్టుకోకుండా వదిలేశారో, చివర ఎలా కొలిచారో చెబుతారు. ఆ జవాబును ఎవరూ కాపీ కొట్టలేరు.