ఆటో స్టార్టర్‌ను తిట్టే ముందు

పోయిన డిసెంబర్‌లో జర్మనీ నుంచి మా అన్న వీడియో కాల్ చేసి తన గది చూపించాడు. కిటికీ కింద గోడకు తెల్లటి ఇనుప రేడియేటర్. అందులో వేడినీళ్లు తిరుగుతుంటాయి, గది వెచ్చగా ఉంటుంది. దాని పక్కన పిడికిలంత డబ్బా, మీద వెలిగే అంకెలు. "ఇది స్మార్ట్ థర్మోస్టాట్‌రా. 20 పెడితే 20 దగ్గర్నే ఉంటది. నేను క్లాసుకు పోయినంక 16కు దించుకుంటది. ఫోన్ల నుంచి కూడా చెప్పొచ్చు" అన్నాడు. పక్కన కూర్చున్న బాపు అంతా విని, "గంతే గదా, మన ఆటో స్టార్టర్ అసొంటిదే" అన్నాడు.

అందరం నవ్వినం. ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నవాణ్ణి కాబట్టి నేను కొంచెం ఎక్కువే నవ్విన. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం, బాపు మాటలో తప్పెక్కడుందో చెప్పమంటే నేను చెప్పలేనని అర్థమైంది. రెండూ మనిషి లేనప్పుడు మనిషి బదులు ఆన్ చేసేవే. మరి ఒకటి పొదుపు చేసే పరికరం ఎట్లయింది? ఇంకొకటి నీళ్లు తోడేసే దొంగ ఎట్లయింది?

ఊరితో సంబంధం లేని మిత్రుల కోసం నాలుగు ముక్కలు. బోరు మోటరుకు మామూలు స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉంటాయి. కరెంటు పోతే లోపలి కాయిల్ వదిలేస్తుంది, మోటరు ఆగుతుంది. కరెంటు తిరిగి వచ్చినా దానంతట అది తిరగదు, ఎవరో పోయి పచ్చ బటన్ నొక్కాలి. అది లోపం కాదు, భద్రత కోసం కావాలని పెట్టిందే. ఆటో స్టార్టర్ అనే చిన్న డబ్బా ఆ భద్రతను పక్కకు పెడుతుంది. మూడు ఫేజులూ వచ్చాయని తెలియగానే కొన్ని సెకన్లు చూసి మోటరును తానే స్టార్ట్ చేస్తుంది.

దీన్ని రైతు ఎందుకు కొన్నాడో చెప్పకుండా తిట్టడం న్యాయం కాదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. కానీ ఏడు గంటలని పేరే గానీ రెండు మూడు విడతలుగా వచ్చేది, అందులో ఒక విడత రాత్రి. ఎప్పుడొస్తుందో తెలవదు, ఎప్పుడు పోతుందో తెలవదు. జనగామ పక్కన మా ఊళ్లో నా చిన్నప్పుడు బాపు రాత్రి రెండు గంటలకు బ్యాటరీ లైటు పట్టుకుని బాయికాడికి పోయేటోడు. అమ్మ ఆయన వచ్చేదాకా అరుగు మీదనే కూర్చునేది. గెట్ల మీద పాములు, తడి చేతుల్తో స్టార్టర్ డబ్బాలు. అట్ల రాత్రిపూట బాయికాడికి పోయి తిరిగి రానివాళ్లు తెలంగాణలో ఎంతమందో ప్రతి ఊరికీ తెలుసు. ఆటో స్టార్టర్ వచ్చినంక మా బాపు రాత్రి ఇంట్లో పడుకున్నాడు. నా దృష్టిలో ఆ డబ్బా చేసిన మొదటి పని నీళ్లు వృథా చేయడం కాదు, మా అమ్మను అరుగు మీద నుంచి లేపి ఇంట్లోకి పంపడం.

తర్వాత 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకు ముందు కొన్ని నెలల నుంచే "ఆటో స్టార్టర్లు తీసేయండి" అని ప్రచారం. నేనప్పుడు ఏడో తరగతి. ఊళ్లో మీటింగు పెట్టారు, బాపు ఒప్పుకున్నాడు, డబ్బా విప్పి అటక మీద పెట్టాడు. పదిహేను రోజులకు మళ్లీ దించి బిగించాడు. ఎందుకంటే, "ఇయ్యాల ఇరవై నాలుగు గంటలంటున్నరు, రేపు ఏమంటరో!" అన్నాడు. పదిహేనేండ్లు కరెంటు కోసం కాపలా కాసిన మనిషికి కరెంటు మీద నమ్మకం పదిహేను రోజుల్లో రాదు కదా.

తీసేయమనడానికి మాత్రం గట్టి కారణమే ఉంది. 5 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్లు తీసుకుంటే, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. మన పొలాల్లో కనపడే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగేది 33 ఆంపియర్ల పైచిలుకు. కరెంటు రాగానే దాని కింది నాలుగు మోటర్లూ ఒకేసారి లేస్తే ఏమైతుందో మన బ్రాంచోళ్లు లెక్కేసుకోండి. మోటర్లు చేతితో నడిచిన రోజుల్లో ఒకరు ముందు, ఒకరు వెనక నొక్కేవారు. ఆ తేడానే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడేది.

ఇక నీళ్లు. జనగామ అంటేనే రాయి. కింద గట్టి రాతి పొరలు, ఆ రాతి పగుళ్లలో ఉన్నంతే నీళ్లు. బోరు గంటా రెండు గంటలు పోసి దమ్ము తీసుకుంటుంది. దాన్నే మా దిక్కు "ఆగి ఆగి పోస్తంది" అంటారు. ఏడు గంటల కరెంటులో ఆటో స్టార్టర్ చేసే నష్టానికి ఒక హద్దుంది, కరెంటే దాన్ని ఆపేది. 24 గంటల కరెంటులో దాన్ని ఆపేవాళ్లే లేరు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక మార్చిలో మా మోటరు నీళ్లు లేకుండా రాత్రంతా తిరిగి కాలిపోయింది. వైండింగుకు, పైపులు లాగి దించిన కూలికి అయిన ఖర్చు ఆ యాసంగి మిగులును సగం తిన్నది. పైగా మోటరు లేని ఆ వారంలో పొట్ట మీదున్న మడి ఎండింది. 2024 వేసవిలో దేవరుప్పుల దిక్కు ఎండిన వరి ఫొటోలు పేపర్లో చూసినప్పుడు నాకు ఆ మడే గుర్తొచ్చింది.

ఇప్పుడు బాపు ప్రశ్నకు వస్తా. అన్న గదిలోని డబ్బా ఏం అడుగుతుంది? "గది ఎంత వెచ్చగా ఉంది?" అని. 20కి తక్కువుంటే వాల్వు తెరుస్తుంది, చాలనిపిస్తే మూస్తుంది. మా ఆటో స్టార్టర్ ఏం అడుగుతుంది? "కరెంటు ఉందా?" అని. అంతే. వరికి దాహముందా, మడి నిండిందా, బోరులో నీళ్లున్నాయా, వీటిలో ఒక్కటి కూడా అడగదు. మొదటిది తనకు కావలసినదాన్ని కొలుస్తుంది, రెండోది తన చేతికి దొరికినదాన్ని చూస్తుంది. కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో ఫీడ్‌బ్యాక్ అని బోర్డు నిండా డబ్బాలు, బాణాలు గీసుకున్నం గానీ, ఆ బాణం మా పొలంలో తెగిపోయి ఉందని నాకు అప్పుడు తోచలేదు.

చివరికి ఫోన్‌తో నడిచే మొబైల్ స్టార్టర్ కూడా ఇదే తప్పు చేస్తుంది. సిమ్ వేసిన డబ్బాకు కాల్ చేస్తే మోటరు ఆన్, ఇంకోసారి చేస్తే ఆఫ్. పుణె వాళ్ల నానో గణేశ్ లాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయి. బాపును బాయికాడికి పోకుండా కాపాడిన మాట నిజం, దానికి దండం. కానీ అది అడిగేది రైతును, పొలాన్ని కాదు. మానుకోటలో పెండ్లికి పోయి అక్కడి నుంచి బాపు మోటరు ఆన్ చేశాడు. ఆఫ్ చేద్దామంటే సిగ్నల్ లేదు. విందు సగంలో బస్సెక్కాడు. వచ్చేసరికి నీళ్లు మా మడి దాటి పక్కోళ్ల మక్క చేన్లోకి పోయినయ్. వాళ్లతో మాట కలవడానికి నెల పట్టింది.

జర్మనీలో అంతా సాఫీగా ఉందనుకోకండి. అన్నకు జనవరిలో థర్మోస్టాట్ బ్యాటరీ అయిపోయి వాల్వు మూసుకుపోయింది, రెండు దుప్పట్లు, జాకెట్టుతో తెల్లారింది. ఇంకోసారి తాళింపు ఘాటుకు కిటికీ తెరిస్తే, గది ఒక్కసారి చల్లబడటం చూసి "కిటికీ తెరిచారు, వేడి వృథా" అనుకుని అదే మూసేసింది. మూసింది సరే, కిటికీ వేసినంక కూడా చాలాసేపు తెరవలేదు. ఇంకో తిరకాసు, అది రేడియేటర్ పక్కనే కూర్చుని అక్కడి వేడినే కొలుస్తుంది. మధ్యలో పరదా పడితే పరదా వెనక 20, అన్న కూర్చునే టేబుల్ దగ్గర 17. కొలవడమే కాదు, ఎక్కడ కొలుస్తున్నామన్నదీ ముఖ్యమే. అయినా అన్న దాన్ని పీకేయడు. ప్రతి రేడియేటర్ మీద వాడకం లెక్కపెట్టే చిన్న మీటరు ఉంటుంది, ఏడాది చివర బిల్లొస్తుంది. 2022లో రష్యా గ్యాస్ ఆగినప్పుడు అక్కడి ప్రభుత్వ ఆఫీసుల్లోనే 19 డిగ్రీలు దాటొద్దని నిబంధన పెట్టారు. ఒక్క డిగ్రీకి ఎంత విలువో అక్కడ అందరికీ తెలిసొచ్చింది. మా మోటరుకు మీటరూ లేదు, బిల్లూ లేదు. మీటరు పెట్టమని నేను అనడం లేదు, ఆ లొల్లి వేరు. మీటరు లేనిచోట ఇంకేదో ఒక కొలత ఉండాలి అంటున్నా.

కొలత ఉంటే ఎట్లుంటుందో రెండు చోట్ల చూసిన. ఒకటి, రెండో ఏడాదిలో విజిట్‌కు పోయిన భూపాలపల్లి దగ్గరి చెల్పూరు కేటీపీపీ. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు. బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టం కొంచెం అటూఇటూ అయినా కంట్రోల్ రూములో తెలిసిపోతుంది, నీళ్లు పంపే వాల్వు దానికి తగ్గట్టు కదులుతుంది. కరెంటు పుట్టేచోట నీటి మట్టం మీద అంత కాపలా. అదే కరెంటు తీగల వెంట మా బాయికాడికి వచ్చేసరికి, బోరులో నీళ్లెన్ని ఉన్నాయో అడిగే దిక్కు లేదు.

రెండోది మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర మా మామ మిర్చి తోట. అక్కడ సెన్సరు మామ పిడికిలే. పొద్దున్నే జానెడు లోతు మన్ను తీసి పిసికి చూస్తాడు. ముద్ద కడితే నీళ్లు బంద్, పొడిగా రాలితే మోటరు ఆన్. "గీ ఓపిక మా బాపుకెందుకు లేదు మామా?" అని అడిగితే నవ్వి, "మిర్చి గదా అల్లుడూ, నీళ్లెక్కువైతే వేరు కుళ్లి నాలుగు రోజుల్ల నన్ను తంతది. వరి ఎవల్ని తన్నది" అన్నాడు. నాకు ఏ లెక్చరూ ఇంత సూటిగా తగల్లేదు. వరికి నీళ్లు ఎక్కువైతే రైతుకు కనపడే శిక్ష లేదు. పైగా నిండుగా నీళ్లుంటే కలుపు తగ్గుతుంది. శిక్ష పడేది భూమి లోపల, అదీ మార్చిలో.

వరికి కూడా థర్మోస్టాట్ ఉంది, పేరే వేరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన తడి-పొడి పద్ధతి. 30 సెంటీమీటర్ల పైపు ముక్కకు కింది సగంలో చిల్లులు వేసి మడిలో పాతాలి. పైపులో నీటి మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగేదాకా ఆగి, అప్పుడు మడిలో 5 సెంటీమీటర్లు నింపాలి. పూత సమయంలో మాత్రం ఆరబెట్టొద్దు. నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయని, దిగుబడి తగ్గదని వాళ్ల అనుభవం. ఆన్ అయ్యే గీత ఒకటి, ఆఫ్ అయ్యే గీత ఒకటి. అన్న డబ్బాలో ఉన్నదీ ఇదే.

ఇక్కడొక తమాషా ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఈ పైపు పనికిరాదు. గీత దాటినరోజు కరెంటు రాకపోతే పంట పోతుంది కాబట్టి రైతు దొరికినప్పుడే నింపుకుంటాడు. ఎప్పుడంటే అప్పుడు కరెంటు ఉంటేనే, కావలసినప్పుడు పెట్టుకునే ధైర్యం వస్తుంది. 2023 జులైలో మూడు గంటలు చాలా, ఇరవై నాలుగు గంటలు కావాలా అని రాష్ట్రమంతా కొట్లాడుకున్నం గానీ, ఆ గంటలు పొలానికి కావాలా మోటరుకు కావాలా అని ఎవరూ అడగలేదు.

మన ప్రాజెక్టుల మీద కూడా ఒక మాట. ప్రతి ఏడాదీ స్మార్ట్ ఇరిగేషన్ అని మూడు నాలుగు బ్యాచులు చేస్తాయి. పూలకుండీలో సెన్సరు గుచ్చి, గ్లాసులోంచి చిన్న మోటరుతో నీళ్లు పోసి, యాప్‌లో గ్రాఫు చూపించి మార్కులు తెచ్చుకుంటాయి. నేనూ చేసిన, తప్పించుకోను. ఆ సెన్సరు బురద మడిలో ఒక పంటకాలం బతుకుతుందా అని మనం చూడలేదు. అమెరికాలో వారెన్ జాన్సన్ అనే కాలేజీ మాస్టారు, పనివాడు గదిలోకి వచ్చి వేడి చూసిపోతుంటే పాఠం ఆగిపోతోందని విసిగి థర్మోస్టాట్ చేశాడు, 1883లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన మొదట చేసింది వాల్వు తిప్పే యంత్రం కాదు, పనివాడికి గంట కొట్టి చెప్పే ఏర్పాటు మాత్రమే. వాల్వు తిప్పింది మనిషే. మనమూ గంట దగ్గర మొదలుపెట్టొచ్చు. మొబైల్ స్టార్టర్ ఊళ్లో ఎట్లాగూ ఉంది, పైపులో ఒక బెండు తేలి గీత దాటినప్పుడు రైతుకు మిస్డ్ కాల్ పోతే చాలు. బోరు ఎండితే మోటరు ఆపే డ్రై రన్ రక్షణ ఇప్పటికే మార్కెట్లో ఉంది, ముందు అది బిగించాలి.

ఈ యాసంగికి మూడు మళ్లల్లో పైపు ముక్కలు పాతిన. మొదటిది నీళ్లు పారే మూతి దగ్గర పాతి తప్పు చేసిన, అక్కడ ఎప్పుడూ తడే ఉంటుంది, అన్న పరదా లెక్క. తీసి మడి మధ్యకు మార్చిన. నేను హాస్టల్లో ఉంటా కాబట్టి పొద్దున్నే పైపులో పుల్ల పెట్టి కొలిచేది బాపే. రోజూ ఫోన్ చేసి "ఆరు", "తొమ్మిది" అని ఒక అంకె చెప్పి పెట్టేస్తున్నాడు. మొన్న "పదకొండు" అన్నాడు. ఇంకా నాలుగు సెంటీమీటర్లు ఆగమన్నా. "ఆగుత గానీ, పంట పోతే నీ డిగ్రీ తీసుకపోయి అంగడ్ల పెడత" అన్నాడు. ఆటో డబ్బా ఇంకా బిగించే ఉంది. దాని స్విచ్చు మాత్రం ఇప్పుడు ఆఫ్‌లో ఉంది.