పూత సరే, ఆరబెట్టే టైము ఏదీ?



కోయంబత్తూరులో నూలు మిల్లులూ ఫౌండ్రీలూ పక్కపక్కనే పెరిగాయి. తండ్రి స్పిన్నింగులో ఉంటే కొడుకు ఫౌండ్రీకో, గాల్వనైజింగు షెడ్డుకో పోతున్న ఇళ్ళు మనలో ఉన్నాయి. అందుకే ఈసారి కరిగిన లోహం గురించి రాస్తున్నాం.

ఉక్కును మించిన గట్టిది లేదని మన నమ్మకం. కాని 420 డిగ్రీల దగ్గర కరిగే జింకును తొట్టిలో 450 డిగ్రీల వేడిలో ఉంచితే, అందులో మునిగి తిరిగే ఉక్కు రోలరును అది కొంచెం కొంచెంగా తినేస్తుంది. 660 డిగ్రీల దగ్గర కరిగే అల్యూమినియం ఇంకా త్వరగా తింటుంది. అందుకని రోలర్లకు టంగ్‌స్టన్ కార్బైడ్, కోబాల్టు కలిసిన పొడిని మంటతో చిమ్మి పూత వేస్తారు. అల్యూమినియం తోడే గరిటెలకు బోరాన్ నైట్రైడ్ వంటి పింగాణి జాతి పూత రాస్తారు. దారం రాపిడికి ఉక్కు అరుగుతుందని మన మిషన్లకు పింగాణి గైడు బిగించినట్టే ఇదీ.

ఈ కవచానికి రెండు లోపాలున్నాయి. వేడికి ఉక్కు ఎక్కువ సాగుతుంది, పింగాణి తక్కువ సాగుతుంది. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే పూత నెర్రెలిస్తుంది. ఆ సందుల్లోంచి లోహం దిగి పూతను పెచ్చులుగా లేపుతుంది. రెండోది ప్రాణం మీదికి వచ్చేది. నీళ్ళతో కలిపి రాసిన పూత ఆరకముందే గరిటె ముంచితే, లోపలి తడి ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. కరిగిన లోహం ఎగజిమ్మి మనిషి మొహాన పడుతుంది.

పూత ఆరాలి, గరిటె వేడెక్కాలి, ఆ తర్వాతే ముంచాలి. ఈ సంగతి ఫౌండ్రీలో చేరిన కుర్రాడికి కూడా తెలుసు. అయినా తడి గరిటె ఎందుకు మునుగుతుంది? ఆరబెట్టే గంటను దండగ గంటగా లెక్కకట్టి, ప్రొడక్షను తగ్గిందని కూలి కోస్తే, ఏ కుర్రాడు ఆగుతాడు?

కళ్ళకు ప్రమాదమున్న పనుల్లో తెరలో, కళ్ళద్దాలో ఇప్పించే ఏర్పాటు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షనులోనే చేశారు. ఇనుముకు ఖరీదైన కవచం కొనే యాజమాన్యాలకు మొహానికి తెర కొనడం భారమా?

మేము కోరేవి నాలుగు. ఆరబెట్టే టైముకు పూర్తి కూలి ఇవ్వాలి. ప్రతి షిఫ్టు మొదట్లో పూత పరీక్షించాలి. నెర్రె కనబడినా, తడి కనబడినా ముంచనని చెప్పే హక్కు కార్మికుడికి ఉండాలి. మొహానికి తెర, తోలు ఏప్రాను, బూట్లు, చేతి తొడుగులు యాజమాన్యమే ఇవ్వాలి.

మీ పిల్లలు పనిచేసే షెడ్డులో ఈ నాలుగూ ఉన్నాయో లేదో ఈ రాత్రే అడగండి. లేకపోతే, వాళ్ళను వెంటబెట్టుకుని యూనియన్ ఆఫీసుకు రండి.