ఊపిరితిత్తుల రాచపుండు – తోటి సభ్యుల కర్తవ్యము



సహకార సంఘమనగా విత్తనములకును ఎరువులకును అప్పు తీసికొనుచోటనియు, పంట యమ్మిన పిమ్మట ఆ యప్పు తీర్చుచోటనియు మాత్రమే మనలో పెక్కుమంది తలంచుచున్నారు. దీని మూలము అంతకంటె లోతైనది. జర్మనీ దేశమున రైఫైజెన్ అను గ్రామాధికారి 1864 సంవత్సరమున హెడ్డెస్‌డార్ఫులో రైతుల పరపతి సంఘమును నెలకొల్పినప్పుడు, ఒకని బాకీకి సభ్యులందరును పూచీ యని నియమము చేసెను. మన దేశమున 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము క్రింద ఏర్పడిన గ్రామ సంఘములును ఈ నియమము మీదనే నడచినవి. ఒకడు మునిగిన అందరికిని నష్టమే కనుక ఒకని మంచిచెడ్డలు అందరును విచారించుచుండిరి. అప్పునకు పూచీ యుండు మనము ఆపదకు పూచీ యుండవలదా? ఈ మాసము నేను మీ ముందుంచు ప్రశ్న యిది.

ఆపదలు పెక్కు గలవు. వానిలో ఊపిరితిత్తుల రాచపుండు, అనగా కేన్సరు, వచ్చినవాని స్థితి మిక్కిలి దుర్భరము. కాలు విరిగినవానిని చూడ ఊరంతయు వచ్చును. ఈ రోగము పేరు వినగానే వచ్చువారు తగ్గుదురు. వచ్చినవారును గడప యవతలనే నిలిచి, నిట్టూర్చి పోవుదురు. కొందరు అతని గ్లాసును వేరుగ నుంచుదురు. ఇది తెలియనితనము. ఈ వ్యాధి ఒకరినుండి యొకరికి అంటునది కాదు. ఒక కంచమున భుజించినను, ఒక గదిలో నిద్రించినను, చేయి పట్టుకొన్నను రాదు. ఈ యొక్క సంగతి ప్రతి సభ్యుడును తన యింట చెప్పిన చాలును, రోగి బాధలో కొంత భాగము ఆ దినముననే తీరును.

దూరముగ నుంచుటకంటె క్రూరమైనది నింద. "బీడీలు త్రాగినాడు, అనుభవించుచున్నాడు" అను మాట మన రచ్చబండలయొద్ద తరచుగ వినబడుచుండును. పొగ త్రాగుటకును ఈ వ్యాధికిని గల సంబంధము నిజమే. 1950 సంవత్సరమున ఇంగ్లండులో డాల్, హిల్ అను నిద్దరు పండితులు దానిని లెక్కలతో చూపిరి. బీడీ సిగరెట్టుకంటె మంచిదను మాటయు సరికాదు. అయినను నిందించుటకు ముందు మన జిల్లా సంగతి జ్ఞప్తికి తెచ్చుకొందము. తునికాకు కత్తిరించి, చేట యొడిలో పెట్టుకొని, వెయ్యి బీడీల లెక్కన కూలి పుచ్చుకొని పిల్లలను చదివించిన తల్లులు మన నిజామాబాదు జిల్లాలో ఎందరో కలరు. ఆ బీడీ మన యిండ్లలో చుట్టబడినది. మన యంగళ్లలో అమ్మబడినది. చేనిలో కూలివానికి మన చేతులతోనే ఇయ్యబడినది. తప్పంతయు త్రాగినవాని నెత్తిన వేయుట న్యాయమా? మరియు, జీవితమున ఒక్క బీడీయైన ముట్టని స్త్రీలకును పురుషులకును ఈ వ్యాధి వచ్చుచున్నది. వంటింటి పొగ, ఇతరులు విడిచిన పొగ, గాలిలోని కాలుష్యము ఇందుకు కొన్ని కారణములు. పైరునకు తెగులు తగిలినప్పుడు మనము చేనిని తిట్టుచు కూర్చుండము. మందేమి, మార్గమేమి యని విచారింతుము. మనుష్యుని విషయమున అంతమాత్రపు వివేకమైన చూపకుండుట తగదు.

ఇక ఆలస్యమును గూర్చి. దగ్గు, ఆయాసము, కఫములో రక్తము, బరువు తగ్గుట అను లక్షణములు క్షయకును ఈ వ్యాధికిని సమానములు. క్షయ మన ప్రాంతమున విరివిగ నుండుటచే, కొందరు కఫ పరీక్ష లేకయే నెలల తరబడి క్షయ మందులు మ్రింగి, రాచపుండు ముదిరిన పిదప పట్టణము చేరుచున్నారు. రెండు వారములు మించిన దగ్గుండిన కఫ పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో అది యుచితము. అందు క్షయ కనబడకున్నను, మందు వాడినను గుణము కానరాకున్నను, స్కానింగు, ముక్క పరీక్ష అవసరమేమో వైద్యుని అడుగవలెను. అడుగుట అవిధేయత కాదు. అడుగుటకు జంకువానితో వెళ్లి అడుగుట తోటి సభ్యుని మొదటి సాయము.

పసుపు పండించు మనకు పసుపును గూర్చిన ఒక మాట చెప్పక తప్పదు. రోగి యున్న యింటికి వచ్చువారు సాధారణముగ తెచ్చు సలహా యేమనగా, "పసుపు తినుము, కేన్సరు కరగిపోవును" అని. పసుపు మనకు అన్నము పెట్టు పంట. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాదు కేంద్రముగ ప్రారంభమగుట మనకెల్ల గర్వకారణము. కాని నిజము నిజమే. పసుపులోని కర్క్యుమిన్ అను పదార్థమును పరిశోధనశాలలలో ఎంతయో పరీక్షించిరి; అది కడుపులోనుండి రక్తములోనికి మిక్కిలి స్వల్పముగ మాత్రమే చేరును; దానివలన ఊపిరితిత్తుల కేన్సరు నయమైనట్లు ఋజువు లేదు. కూరలో వేసికొను పసుపునకు దోషము లేదు. మోతాదు మించిన చూర్ణములును మాత్రలును రక్తము పలుచబరచు మందులతోడను కొన్ని కేన్సరు మందులతోడను పొసగకపోవచ్చును గనుక వైద్యునికి చెప్పక వాడరాదు. ఆసుపత్రి మాని పసుపును నమ్ముకొమ్మని చెప్పువాడు మేలు కోరియే చెప్పవచ్చును, కాని కీడు చేయుచున్నాడు. మన పంట గౌరవము అసత్యముపై నిలువనక్కరలేదు.

అయినచో ధైర్యమునకు ఆధారమేమి? ఆధారము కలదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున 1933 ఏప్రిలులో ఇవార్ట్స్ గ్రాహమ్ అను శస్త్రవైద్యుడు, గిల్మోర్ అను రోగి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగ తొలగించెను. ఆ రోగి తాను కూడ వైద్యుడే. ఒక ఊపిరితిత్తితోనే అతడు దాదాపు 30 సంవత్సరములు జీవించి తన వృత్తి చేసికొనెను. నేడు తొలిదశలో కనుగొన్నవారికి శస్త్రచికిత్స, తరువాతి దశలవారికి కిరణ చికిత్స, మందుల చికిత్స కలవు. కొందరి కణితిలోని మార్పును పరీక్షించి అందుకు తగిన మాత్రల నిచ్చుచున్నారు. హైదరాబాదు నగరమున 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వమువారు 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిరి. కావున "లక్షలు లేవు, వైద్యము లేదు" అని ఇంట కూర్చుండ నవసరము లేదు.

అందరికిని నయమగునని నేను చెప్పను; అట్లు చెప్పుట ధైర్యము నిచ్చుట కాదు, మోసపుచ్చుట. వ్యాధి ముదిరినవారికి సైతము చేయదగినది మిక్కుటముగ నున్నది. బోస్టను నగర వైద్యులు ముదిరిన ఊపిరితిత్తుల కేన్సరుగల 151 మందిపై జరిపిన పరిశీలనను 2010లో ప్రకటించిరి. మామూలు చికిత్సతోపాటు మొదటినుండియు నొప్పి, ఆయాసము, దిగులు తగ్గించు ఉపశమన చికిత్స పొందినవారు తక్కిన వారికంటె తక్కువ దిగులుతో నుండుటయే కాక, ఎక్కువ కాలము బ్రతికిరి. ఒక వర్గమువారి మధ్యస్థ జీవితకాలము 11.6 నెలలు, రెండవ వర్గమువారిది 8.9 నెలలు. బాధ తగ్గించి, మాట వినిన మనుష్యుడు నిలుచునని దీని యర్థము. నొప్పికి మార్ఫీను ఇచ్చుట 1985 చట్టము వలన కష్టమై యుండెను. 2014 సవరణతో కొంత సులభమైనది. నొప్పిని ఓర్చుకొమ్మని చెప్పకుడు. మందు అడుగుమని చెప్పుడు.

ఇట్టి తోడు నిచ్చుటకు మిక్కిలి తగినవాడు ఎవడు? అదే బాట నడచినవాడు. మందు ఎక్కించిన మూడవనాడు నోరు చేదగుట, వెండ్రుకలు రాలుట, రాత్రివేళ భయము గలుగుట వైద్యుడు పుస్తకమున చదివియుండును. అనుభవించినవాడు "నాకును ఇట్లే యుండెను, తరువాత తగ్గినది" అని చెప్పగలడు. ఆ యొక్క వాక్యమునకు గల బలము మన ఉపదేశములు పదింటికి లేదు. బొంబాయిలో కేన్సరునుండి కోలుకొన్న యొక స్త్రీ 1994లో వీ కేర్ అను సంస్థను స్థాపించి, కోలుకొన్నవారిచేతనే రోగులకు ధైర్యము చెప్పించు పని నడిపించెను. కేరళలోని కోళిక్కోడులో 1993లో ఏర్పడిన ఉపశమన చికిత్సా సంఘము తరువాత పొరుగువారినే స్వయంసేవకులుగ తీర్చి, ఇల్లిల్లు తిరిగి రోగులను చూచు పద్ధతిని ఆ రాష్ట్రమున వ్యాపింపజేసినది. వారును మనవంటి గ్రామస్థులే. వారికి సాధ్యమైనది మనకేల సాధ్యము కాదు?

రోగిని చూడబోవువారు కొన్ని సంగతులు గమనింపవలెను. "మా మామకును ఇదే వచ్చెను, మూడు నెలలలో పోయెను" అను కథ చెప్పరాదు. "ఏమియు కాదులే" అని కొట్టివేయరాదు. అతనికి తెలిసిన సత్యమును మనము కాదన్నచో అతడు ఒంటరియగును. అతడు ఏడ్చిన ఏడ్వనిండు. మౌనముగ నున్న మనమును మౌనముగ కూర్చుండవలెను. "ఏదైన కావలసిన చెప్పుము" అనుటకంటె, "బుధవారము నీ మోటారు నేను వేసెదను, నీళ్లు నేను కట్టెదను" అనుట మేలు. అతనిని రోగిగ మాత్రమే చూడక, పసుపు ధరను, మార్కెటును, ఊరి వ్యవహారములను గూర్చి అతని సలహా అడుగవలెను. జలుబు, జ్వరము గలవారు దగ్గరకు పోరాదు. మందుల చికిత్సలో నుండువానికి జ్వరము వచ్చిన ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బీడీ ఇంకను త్రాగుచుండినచో కోపింపక, ఇప్పుడు మానినను చికిత్స బాగుగ పనిచేయునని చెప్పి, మానుటకు సాయపడు 1800112356 అను ఉచిత టెలిఫోను సంఖ్యను తెలుపవలెను. మనోవ్యథకు 14416 సంఖ్యకు పలికిన తెలుగులో మాటలాడువారు కలరు.

రోగి భార్యను మరువరాదు. పగలు చేను, రాత్రి మంచము ప్రక్క జాగరణ, నడుమ పిల్లలు. ఆమెను "తిన్నావా అమ్మా" అని యడుగువారు లేరు. వారమునకొక పూట ఆమెను విశ్రాంతి తీసికొననిచ్చి రోగియొద్ద కూర్చుండుట ఒక చికిత్సతో సమానము.

ఇక సంఘము చేయదగిన పనులు. మొదటిది: కేన్సరు చికిత్స పొంది తిరిగివచ్చినవారు మన గ్రామములలో కలరు. వారు సమ్మతించినచో మాత్రమే వారి పేర్లు కార్యదర్శియొద్ద నుంచి, క్రొత్తగ రోగము తెలిసినవానికి వారిని పరిచయము చేయవలెను; ఊరిలో చాటింపు వేయరాదు. రెండవది: ఆర్మూరునుండి హైదరాబాదు 200 కిలోమీటర్లకు కొంచెము లోపు. కిరణ చికిత్స వారమునకైదు దినములు, కొన్ని వారములు సాగును. మందు చికిత్స తరచుగ మూడు వారములకొకసారి యుండును. చదువురానివాడు ఒంటరిగ ఆసుపత్రి వరుసలలో నిలువలేడు. సభ్యులు వంతులు వేసికొని వెంట పోవలెను. మూడవది: పసుపు త్రవ్వుట, ఉడకబెట్టుట, ఎండబెట్టుట రోగము తగ్గువరకు ఆగునవి కావు. జనవరినుండి మార్చివరకు ఆ యింటి పంట యింటికి చేరుటకు ఇంటికొక మనిషి ఒక్కొక్క దినము పని చేసిన చాలును. నాలుగవది: అతని బాకీని గూర్చి పాలకవర్గమువారు ముందుగ తామే బ్యాంకుతో మాటలాడి గడువు కోరవలెను, రోగి మంచము మీదనుండి నోటీసు చదువుకొను దుర్గతి కలుగనీయరాదు.

"ఇది వైద్యుల పని, సంఘము పని కాదు" అని కొందరందురు. మందు వైద్యునిదే, మనము వైద్యము చేయబోరాదు. కాని వెంట పోవుట, వినుట, నీరు కట్టుట, పంట ఇంటికి చేర్చుట ఏ వైద్యుడు చేయగలడు? "సంఘమున ధనము లేదు" అని మరికొందరందురు. పైన చెప్పిన నాలుగు పనులలో ధనముతో జరుగునది స్వల్పము. మనిషితో జరుగునదే అధికము. మన ఆర్మూరు ప్రాంతపు గ్రామాభివృద్ధి సంఘములు ఒక్క పిలుపుతో ఊరినంతను కూర్చగలవను ప్రసిద్ధి యున్నది. ఆ శక్తిని ఒక మనుష్యుని వెలివేయుటకు గాక, ఒక మనుష్యుని చేరదీయుటకు వినియోగించినచో అంతకంటె గొప్ప కీర్తి వేరొకటి లేదు.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఎరువుల లెక్కయు, బాకీల లెక్కయు చదివిన పిమ్మట, "మన సభ్యులలో జబ్బున నున్నవారెవరు? ఈ మాసము వారి యింటికి ఎవరు పోయిరి?" అను ప్రశ్నను కూడ కార్యక్రమమున చేర్చవలసినదిగ పాలకవర్గములను కోరుచున్నాను. మొదటి సమావేశమున ఎవ్వరును బదులు చెప్పలేకపోవచ్చును. రెండవ సమావేశమునకైనను చెప్పువారు ఒకరుందురని నా నమ్మకము.