పెద్ద అంకె కాదు, పనికొచ్చే అంకె కావాలి



సైన్స్ ప్రదర్శనకు మా జట్టు "కొండవాలు గంట" చేస్తున్నది. 2024 సెప్టెంబరు వానలకు మన అల్లూరి జిల్లాలో కొండచరియలు విరిగి పడ్డాయి. ఇంటికాడ అమ్మవాళ్ళు ఎలా ఉన్నారో అని మనలో చాలామందికి ఆ రాత్రులు నిద్ర లేదు. అందుకే ఈ ఆలోచన. వాలులో కర్ర పాతి, దానికి యాక్సిలరోమీటరు కట్టాలి. కర్ర ఒరిగితే గంట మోగాలి.

ఏ యాక్సిలరోమీటరు కట్టాలి అన్న కాడ తగువు వచ్చింది. మన ల్యాబు బీరువాలో రెండు రకాలున్నాయి. ఒకటి ఏడీఎక్స్‌ఎల్ 335. రెండోది ఎంపీయూ 6050. రెండోదాన్ని 2 జి, 4 జి, 8 జి, 16 జి, ఎంతవరకు కొలవాలో మనమే పెట్టుకోవచ్చును. "16 పెడదాం, పెద్దది కదా" అన్నారు అందరూ. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాను.

త్వరణము మనం ఈ ఏడు చదివినదే. కదలకుండా ఉన్నా ఈ బిళ్ళ గురుత్వాన్ని చూపిస్తుంది. అది 1 జి. బిళ్ళ ఒరిగితే ఆ 1 జి మూడు అక్షాలకు పంచుకునే వాటాలు మారతాయి. మన కర్ర ఎంత ఒరిగినా 1 జి దాటదు. మరి 16 దేనికి?

సంతలో చింతపండు బస్తాలు తూచే కాటా మీద 50 గ్రాముల మిరియాలు పెడితే ముల్లు కదులుతుందా? ఇదీ అంతే. మట్టంగా ఉన్న అక్షం 1 డిగ్రీ ఒరిగితే, 2 జి దగ్గర అంకె సుమారు 286 మారుతుంది. 16 జి దగ్గర 36 మాత్రమే. 36 తో పని జరగదని కాదు. అక్కరలేని పెద్దదనం కోసం సన్నపు కొలతను ఎందుకు పోగొట్టుకోవాలి?

ఏడీఎక్స్‌ఎల్ 335 కు తీగలు కలపడం సులువు. కాని 1 డిగ్రీకి సుమారు 5 మిల్లీవోల్టులే మారుతుంది. మన ఆర్డుయినో ఊనో 5 వోల్టులను 1024 మెట్లుగా చదువుతుంది, అంటే ఒక్క మెట్టే కదులుతుంది. కాబట్టి ఎంపీయూ 6050 ను 2 జి దగ్గర పెట్టాలి అని నా అభిప్రాయము. అంకెలు కాస్త ఆడుతుంటాయి, పదిసార్లు చదివి సగటు తీయాలి.

మా అయ్యకు చదువు రాదు. కాటా మీద ఎంత పడిందో షావుకారు చెప్పిందే లెక్క. అందుకే అంకె ఎంత పెద్దదైనా అది దేన్ని కొలుస్తుందో అడగనిదే నేను నమ్మను. ఆ బిళ్ళల కాగితాలు ఇంగ్లీషులో ఉంటే డిక్షనరీ పెట్టుకొని నాలుగు రోజులు చదివాను. మీరూ చదవగలరు.

ఇది నమూనా మాత్రమే. గంట మోగలేదు కదా అని వానలో వాలు కింద ఎవరూ ఉండరాదు.

మేడమ్ గారికి ఒక మనవి. ఆదివారం ఒక గంట ల్యాబు బీరువా తాళం ఇప్పించండి. రెండు బిళ్ళలూ కట్టి చూపిస్తాము. నా మాట తప్పైతే ఇదే గోడ మీద ఒప్పుకుంటాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని