పరువు కొనుక్కుంటే రాదు

స్నూకర్ టోర్నీలు ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటాయి. ఆటగాడి గొప్పతనాన్ని తూచేది మాత్రం మూడింటితోనే: ప్రపంచ ఛాంపియన్‌షిప్, యూకే ఛాంపియన్‌షిప్, మాస్టర్స్. 2024లో సౌదీ అరేబియా కొత్త టోర్నీ పెట్టి, విజేతకు ప్రపంచ ఛాంపియన్‌తో సమానంగా 5 లక్షల పౌండ్లు ముట్టజెప్పింది. సొమ్ము సమానమైంది, పరువు కాలేదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగే షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో కప్పు అందుకోవాలంటే ఫైనల్లో 18 ఫ్రేములు గెలవాలి. అదృష్టం ఒక పూట ఆదుకోవచ్చు, అంత దూరం తోడు రాదు. 1985 ఫైనల్లో డెనిస్ టేలర్ మొదట 0-8తో వెనకబడ్డాడు. ఆ తర్వాతా చివరి ఫ్రేము దాకా ఒక్కసారి కూడా ఆధిక్యంలోకి రాలేదు. 35వ ఫ్రేములో ఆఖరి నల్ల బంతిని ప్రత్యర్థి స్టీవ్ డేవిస్ పాకెట్ చేయలేకపోయాడు. టేలర్ దాన్ని పాకెట్‌లోకి కొట్టి 18-17తో గెలిచాడు. అర్ధరాత్రి దాటినా బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు నుంచి కదల్లేదు. పొట్టి మ్యాచ్ అయితే ఆ 0-8 దగ్గరే కథ కంచికి చేరేది. యూకే ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ను 31 ఫ్రేముల నుంచి ఎప్పుడో 19కి కుదించేశారు. నిర్వాహకులకు ఒకటే మనవి: ప్రైజ్‌మనీ ఎంతైనా పెంచుకోండి, క్రూసిబుల్ ఫ్రేముల జోలికి మాత్రం పోకండి.