కత్తిలో కనబడ్డ మొహం

కత్తికి ఫోటో తియ్యడం కూడా ఒక విద్యేనా అని మీరు నవ్వవచ్చు. మొన్నటిదాకా నేనూ నవ్వేవాణ్ణే. పెళ్ళిపందిట్లో క్షణం నిలవని పిల్లల్నే కెమెరాలో పట్టినవాడికి, కదలని కత్తి ఒక లెక్కా అనుకున్నాను. ఆ గర్వం ఒక్క పూటలో అణిగిపోయింది.

మా వూరి ఆచారిగారికి డెబ్బై దాటాయి. లారీ స్ప్రింగు పట్టీని కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, ఆకురాయితో రాసి ఆయన చేసే కత్తిని ఒకసారి చేతికి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు. ఆయన మనుమడు పట్నంలో ఒక హోటలువారితో మాట్లాడి ఎనిమిది కత్తులకు బేరం కుదుర్చుకొచ్చాడు. "ముందు ఒక కత్తి ఫోటో పంపండి. పనితనం చూసి బయానా ఇస్తాం" అన్నారట వాళ్ళు. వాడు సొంతంగా కుదిర్చిన మొదటి బేరమది. "మావయ్యా, నువ్వే తియ్యాలి" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

బల్ల మీద కత్తి పెట్టి, ఫ్లాషు వెలిగించి, టక్కున తీశాను. చూస్తే ఏమున్నది? అలుగు మధ్య తెల్లటి మచ్చ, చుట్టూ కటిక నలుపు, ఆ నలుపులో కెమెరా పట్టుకుని వొంగిన నా బట్టతల! ఆచారిగారు చూసి, "బాగానే వున్నది బాబూ. ఇంతకీ నా కత్తి ఏదీ?" అన్నారు.

తప్పు ఎక్కడుందో అప్పుడు ఆలోచించాను. నునుపు చేసిన ఉక్కు అద్దం లాంటిది. అద్దానికి తన మొహమంటూ వుండదు. ఎదురుగా ఏది వుంటే అదే దాని మొహం. కనక కత్తిని ఫోటో తియ్యడమంటే, కత్తికి ఎదురుగా వున్నదాన్ని సరిచెయ్యడమన్నమాట. నా దగ్గర పోలరైజరు అద్దం ఒకటుంటే తగిలించి చూశాను. చెరువు నీటి మీదా, కిటికీ అద్దం మీదా తళుకును తగ్గించే ఆ సాధనం వట్టి లోహం ముందు ఓడిపోయింది.

చివరికి ఆదుకున్నది మా యింట్లోని పాత పంచె. ఉత్తరపు కిటికీకి దాన్ని బిగించి కట్టాను. వెలుగు పంచెలోంచి వడగట్టుకుని మెత్తగా వచ్చింది. అలుగంతా పాలలాగా తెల్లబడింది. కాని యీసారి ఆకురాయి గీతలూ, ఆచారిగారి ముద్రా కూడా ఆ తెలుపులో కలిసిపోయాయి. అప్పుడు మనుమడి చెల్లెలి పలక తెచ్చి ఒక పక్కన నిలబెట్టాను. దాని నల్లటి నీడ అలుగు మీద పడ్డది. తెలుపూ నలుపూ కలిసే ఆ సరిహద్దులో గీత గీతా లేచి నిలబడింది! ఇంకొక కిటుకు కూడా తెలిసింది. వెలుగు గీతల వెంట పారితే గీతలు దాక్కుంటాయి. అడ్డంగా పారితే బయటపడతాయి.

కెమెరాను ముక్కాలిపీట మీద బిగించి, అలుగుకు సమాంతరంగా పెట్టి, కన్నాన్ని 8కీ 11కీ మధ్య వుంచాను. 22 దాకా మూస్తే మరీ స్పష్టంగా వస్తుందనుకుంటాం గాని, అంత సన్నని కన్నంలో వెలుగు చెదిరి బొమ్మ మసకబారుతుంది.

నేను యివన్నీ సర్దుతుంటే ఆచారిగారు, "మన ఉక్కుకు నీటి అలల్లాగా చారలుండేవి బాబూ, పూర్వం" అన్నారు. అది గొప్పలకు అన్న మాట కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని వాయిసే అనే దొర రాసింది 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళ 'వూట్జ్' అనే మాట మన 'ఉక్కు' నుంచే పుట్టిందంటారు. నూటికి ఒకటిన్నర పాళ్ళ దాకా కర్బనం వున్న ఆ ఉక్కులో గట్టి రేణువులు బారులు తీరతాయి; ఆమ్లం పూస్తే ఆ బారులే చారలై కనిపిస్తాయి. లేశమాత్రంగా కలిసే వెనేడియం వంటి లోహాలు అందుకు ముఖ్య కారణమని వెర్హోవెన్, పెండ్రే అనే అమెరికన్లు 1998లో ప్రకటించారు. ఆ చారల్ని ఫోటోలో పట్టాలన్నా యిట్లాంటి మెత్తటి వెలుగే శరణ్యం.

ఫోటో దివ్యంగా వచ్చింది. కంప్యూటరులో పెద్దది చేసి చూపిస్తున్నాను. ఆకురాయి గీతలన్నీ ఒకే వరసలో వున్నాయి. పిడికి దగ్గరగా, వాదర నుంచి పైకి, వెంట్రుక లాంటి గీత ఒకటి మాత్రం ఏటవాలుగా పోతున్నది. "మావయ్యా, అది చెరిపెయ్యవచ్చుగా?" అన్నాడు కుర్రాడు. చెరపవచ్చు. అర నిమిషం పని. నా చెయ్యి అటే పోయింది కూడా.

"ఆగు బాబూ" అన్నారు ఆచారిగారు. కత్తి తీసుకుని గోటితో తడిమారు, ఏమీ తగల్లేదు. అలుగుకు కిరసనాయిలు రాసి, కాసేపాగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లారు. మేము చూస్తుండగానే తెల్లటి సుద్ద మీద సన్నని తడిగీత దేరింది. పగులు! కాలిన ఉక్కును ముంచినప్పుడు పుట్టిన పగులు. అందులో యింకిన కిరసనాయిలు మళ్ళీ పైకి వచ్చిందన్నమాట.

"ఇది ఏ వంటవాడి చేతిలోనో విరిగేది" అని, ఆయన కత్తిని దాగలి అంచున పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టారు. ఆ గీత దగ్గరే రెండు ముక్కలయింది. కుర్రాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బేరం పోతుందని వాడి భయం.

పోలేదు లెండి. నాలుగు రోజుల గడువడిగి, కొత్త కత్తి చేసి, సుద్దపరీక్ష పెట్టి, అదే పంచె ముందు, అదే పలక పక్కన ఫోటో తీసి పంపాం. బయానా వచ్చింది.

కెమెరా అబద్ధమాడదంటారు. ఆడదు, ఆడించేది మనం. ఫోటో తీసినందుకు ఏం కావాలని ఆచారిగారు నన్నడగలేదు. ఆయనే నన్నొకటి అడిగారు: పగిలిన కత్తి ఫోటో. దాన్ని కొలిమి పక్క గోడకు అంటించుకున్నారు. దేవుడి పటం పక్కనే.