మొలకెత్తని గ్లాసు కూడా పంపండి



ఈ నెల నాలుగో తరగతికి పెసల ప్రాజెక్ట్ ఇచ్చాం. మూడు గ్లాసులు: ఒకదానిలో పొడి పెసలు, ఒకదానిలో తడి దూదిపై పెసలు, మరొకదానిలో నీళ్లలో పూర్తిగా మునిగిన పెసలు. నాలుగో రోజు కొందరు పిల్లలు మూడింటిలోనూ చక్కటి మొలకలు తెచ్చారు!

అలా జరగదు. పొడి గింజకు నీరు లేదు. మునిగిన గింజకు గాలి చాలదు. కాస్త మొలక వచ్చినా కుళ్లిపోతుంది. తడి, గాలి, తగిన వెచ్చదనం మూడూ కావాలి. పెసలు మొలకెత్తడానికి ఎండ అక్కర్లేదు, ఆహారం పప్పులోనే ఉంటుంది. ఆకులు వచ్చాక పెరగడానికే వెలుతురు కావాలి.

ఒక పాప మాత్రం కుళ్లిన గ్లాసు తెచ్చి, "టీచర్, వీటికి ఊపిరి ఆడలేదా?" అని అడిగింది. ఆ రోజు క్లాసంతా ఆ గ్లాసు చుట్టూనే నిలబడింది. పుస్తకంలో రెండు లైన్లున్న పాఠం అందరికీ అర్థమైంది.

మార్కులు పోతాయేమోనన్న మీ భయం నాకు తెలుసు. కానీ మేం మార్కులు వేసేది మొలకలకు కాదు, పిల్లలు చూసి రాసుకున్నదానికి. దయచేసి గ్లాసులు మార్చకండి. వాసన వస్తుంటే మూత పెట్టి పంపండి, చాలు.